ఆట లేని నెలల ఆట

పిల్లలూ! మన హైదరాబాదు క్రికెట్టు జట్టు సన్‌రైజర్స్ ఏడాదికి ఎన్నాళ్ళు ఆడుతుందో ఎప్పుడైనా లెక్క వేశారా? మార్చి నెలాఖరున మొదలుపెడితే మే నెలాఖరుకు అయిపోతుంది. పధ్నాలుగు ఆటలు, గెలుస్తూ పోతే ఇంకో రెండు మూడు. అంటే రెండు నెలల చిల్లర. ఆ తరువాత ఆటగాళ్ళు ఎవరి దేశానికి వాళ్ళు, ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోతారు. ఉప్పల్ మైదానంలో గడ్డికి నీళ్ళు పెట్టేవాళ్ళు మిగులుతారు.

జట్టు కంటికి కనబడకపోయినా జట్టును గురించిన మాటలు మాత్రం ఆగవు. ఆట జరిగే రోజుల్లో కంటే ఆగిపోయిన రోజుల్లోనే అవి ఎక్కువ. "ఫలానా ఆటగాణ్ణి వదిలేస్తారట." "శిక్షకుణ్ణి మారుస్తారట." "ఢిల్లీ నుంచి వికెట్‌కీపరును తెస్తారట."

ఈ మాటలన్నిటి చివరా ఒక "ట" ఉన్నది, చూశారా? చిన్న అక్షరమే గాని దీని పని పెద్దది. "వాన వచ్చింది" అంటే నేను చూశాను, తడిశాను. "వాన వచ్చిందట" అంటే ఎవరో చెప్పగా విన్నాను, తడిసినవాళ్ళు వేరే. మా రామసముద్రం వైపు దీన్నే "వచ్చిందంట" అంటాం. ఇంగ్లీషులో ఇది చెప్పాలంటే నాలుగు మాటలు కావాలి, మనకు ఒక్క అక్షరం చాలు. చిక్కేమంటే, మాట ఒక నోటినుంచి ఇంకో నోటికి పోయేటప్పుడు అన్నిటికంటే ముందు రాలిపోయేది ఈ "ట"యే. పొద్దున "మారుస్తారట" అన్నది సాయంకాలానికి "మార్చేశారు" అవుతుంది.

మా రామసముద్రం మదనపల్లెకు ఆవల, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్నది. ఇక్కడి పిల్లలకు తెలుగూ వస్తుంది, కన్నడమూ వస్తుంది. బెంగుళూరు మూడు గంటల ప్రయాణం. హైదరాబాదుకు పోవాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అందువల్ల బళ్ళో ఒకే తరగతిలో సగం బెంచీలు బెంగుళూరు జట్టువి, సగం బెంచీలు హైదరాబాదువి. 2016 మే 29న బెంగుళూరులోనే జరిగిన ఆఖరి ఆటలో హైదరాబాదు 8 పరుగుల తేడాతో గెలిచి కప్పు పట్టుకుపోయింది. ఆ రాత్రి మా వీధిలో కొన్ని ఇళ్ళ ముందు టపాకాయలు కాల్చారు, కొన్ని ఇళ్ళవాళ్ళు పెందలాడే దీపాలు ఆర్పి పడుకున్నారు. 2025 జూన్ 3న బెంగుళూరు తన మొదటి కప్పు గెలిచినప్పుడు టపాకాయలూ చీకట్లూ ఇళ్ళు మారాయి.

ఆట ఉన్నన్నాళ్ళూ ఈ తగాదాలను స్కోరు తీరుస్తుంది. ఆట లేనప్పుడు తీర్చేవాళ్ళు లేరు. అందుకని టీ అంగడి దగ్గరా, బస్సుస్టాండులోనూ పుకార్లతోనే పందేలు నడుస్తాయి.

ఇది మన ఊళ్ళకే పట్టిన జబ్బనుకోకండి. అమెరికాలో బేస్‌బాల్ అని ఒక ఆట ఉన్నది. గుండ్రటి కర్రతో బంతిని కొట్టి, మైదానంలో నాలుగు మూలలూ చుట్టిరావడం అందులో ముఖ్యం. శరత్కాలం ముగిసేసరికి ఆటలు ముగుస్తాయి, మంచు పడుతుంది. పాతరోజుల్లో అక్కడి పల్లెటూరి అంగళ్ళ మధ్య ఒక ఇనపపొయ్యి మండుతూ ఉండేది. జనం దాని చుట్టూ చేరి, చలి కాచుకుంటూ, వచ్చే ఏడు ఏ జట్టులో ఎవరుంటారో చెప్పుకునేవాళ్ళు. ఆ కబుర్లకు "హాట్ స్టవ్ లీగ్" అని పేరు పడిపోయింది, అంటే వేడిపొయ్యి పందేలన్నమాట. పొయ్యిలు పోయినా పేరు మిగిలింది.

ఆ పొయ్యిల దగ్గర ఎన్నటికీ చల్లారని కబురు ఒకటి 1920 జనవరి 5న వచ్చింది. బోస్టన్ జట్టు తన మేటి ఆటగాడు బేబ్ రూత్‌ను న్యూయార్కు జట్టుకు అమ్మేసింది. బోస్టన్ అప్పటికి రెండేళ్ళ కిందట, 1918లో, విజేత. మళ్ళీ విజేత అయ్యేసరికి 2004 వచ్చింది. మధ్యలో 86 ఏళ్ళు! అప్పటిదాకా ఒక్కసారైనా గెలవని న్యూయార్కు జట్టు 1923లో గెలిచి, ఆపైన గెలుస్తూనే పోయింది. బోస్టన్ తాతలు దాన్ని శాపమని మనవళ్ళకు చెప్పారు. శాపం సంగతి ఎట్లా ఉన్నా, ఆట లేని ఒక చలికాలంలో జరిగిన బేరం మూడు తరాలవారికి గుర్తుండిపోయిందంటే, ఆ నెలల్లో జనం చెవులు నిక్కబొడుచుకొని ఉండడంలో ఆశ్చర్యం లేదు.

ఇక మన జట్టు సంగతికి వద్దాం. 2024 అక్టోబరు నెల అది. మరుసటి ఏటికి జట్లన్నీ తిరగవేయవలసి ఉన్నది. ఒక సాయంకాలం తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు పరుగున వచ్చాడు.

"సార్, మనోళ్ళు ఐదుగురినీ అట్లే పెట్టుకొని, రిషభ్ పంత్‌ను కూడా కొంటారంట సార్!"

"ఎవరు చెప్పినార్రా?"

"ఫోన్లో వచ్చింది సార్."

"ఫోను చెప్పదురా, ఫోన్లో ఎవరో చెప్తారు. సరే, నోటుబుక్కు తియ్యి" అన్నాను.

మీరూ తీయండి. ఆ ఏడు నియమం ఇది. ఒక్కొక్క జట్టు ఆటగాళ్ళమీద ఖర్చు పెట్టగలిగింది మొత్తం 120 కోట్ల రూపాయలు. జట్టులో 18 మందికి తక్కువ ఉండకూడదు, 25 మందికి మించకూడదు. విదేశీయులు 8 మందికి మించకూడదు. పాతవాళ్ళలో దేశం తరపున ఆడినవాళ్ళను ఐదుగురిదాకా వేలానికి పంపకుండా దగ్గర ఉంచుకోవచ్చు. కాని వాళ్ళ లెక్క కింద 18, 14, 11, 18, 14 కోట్లు సంచిలోనుంచి తీసెయ్యాలి. కూడితే ఎంత? 75. నూట ఇరవైలో డెబ్బయి ఐదు పోతే 45. ఈ 45 కోట్లతో ఇంకా కనీసం 13 మందిని కొనాలి.

పంత్ ఆ నవంబరులో జెడ్డా నగరంలో జరిగిన వేలంలో 27 కోట్లకు లక్నో జట్టుకు పోయాడు. అంతవరకు ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. మనవాళ్ళే ఆ ధర పెట్టి ఉంటే మిగిలేది 18 కోట్లు. దానితో 12 మంది. బౌలర్లు ఎక్కడినుంచి వస్తారు? పిల్లవాడు లెక్క వేసి, పెన్సిలు కొరుక్కుంటూ కాసేపు కూర్చున్నాడు. "రాడు సార్" అన్నాడు చివరకు. నేను "రాడు" అనలేదు, లెక్క అన్నది. పుకారును పట్టుకొని ఊగేముందు దాన్ని ఒకసారి లెక్కలోకి దించి చూస్తే సగం పుకార్లు అక్కడే కాలు విరిగి పడిపోతాయి.

అన్నీ పడవు సుమా. అదే నెలలో ఇంకో మాట పత్రికల్లో వచ్చింది. దక్షిణాఫ్రికా ఆటగాడు హైన్రిక్ క్లాసెన్‌కు హైదరాబాదు 23 కోట్లు ఇస్తుందట అని. "18 కదా పెద్ద మెట్టు, 23 ఎట్లా ఇస్తారు?" అని చాలామంది కొట్టివేశారు. కాని నియమాన్ని నిదానంగా చదివితే మొత్తం 75 కోట్లను ఐదుగురికీ ఎట్లా పంచుకున్నా జట్టు ఇష్టమే. అక్టోబరు 31న జాబితా వచ్చింది. క్లాసెన్‌కు 23, కెప్టెన్ పాట్ కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకు 14, ట్రావిస్ హెడ్‌కు 14, మన విశాఖపట్నం కుర్రవాడు నితీశ్‌కుమార్ రెడ్డికి 6. కూడి చూడండి, సరిగ్గా 75. ఒకే గంపలోని కాయలు, పంపకం వేరు. పుకారు నిజమైంది, ఎందుకంటే దాన్ని చెప్పినవాళ్ళు నియమం చదివారు.

వేలమనగానే మా ప్రాంతపు పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశంలో పేరుపొందినది. పొద్దున్నే క్రేట్లు వరుసలు తీరి ఉంటాయి. మండీవాళ్ళు కేక వేస్తుంటారు, బయటి రాష్ట్రాల వ్యాపారులు ధర పెంచుతుంటారు. 2023 జూలై నెలాఖరున మేలురకం టమోటా కిలో 200 రూపాయలకు దగ్గరగా పలికింది. అదే చేను, అదే రైతు, అదే నీళ్ళు. మరో ఏడు కోతకూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోసిన రోజులున్నాయి. కాయ మారలేదు. కొనేవాడి అవసరమూ, ఆరోజు మార్కెట్టుకు వచ్చిన సరుకూ మారాయి.

ఆటగాళ్ళ వేలంలోనూ ఇదే. 2025 డిసెంబరు 16న అబూధాబిలో వేలం జరిగింది. ఇంగ్లాండు ఆటగాడు లియామ్ లివింగ్‌స్టన్ పేరు పిలిచారు. పాడు మొదలుపెట్టవలసిన ధర 2 కోట్లు. ఒక్కరూ చెయ్యెత్తలేదు. తరువాతివాళ్ళ పేర్లు పిలిచారు, సుత్తి దెబ్బలు పడుతూ పోయాయి. వేలం చివరి భాగంలో లివింగ్‌స్టన్ పేరు మళ్ళీ వచ్చింది. ఈసారి పోటీ పుట్టి, ధర ఎగబాకి, 13 కోట్లకు హైదరాబాదే కొన్నది. ఆ నడుమ అతను ఒక్క బంతి ఆడలేదు, ఒక్క పరుగు చెయ్యలేదు. ముందు ఎవరికీ అక్కరలేని మనిషే చివరకు 13 కోట్లు. అప్పటికి వేరే పెద్ద ఆటగాళ్ళు అయిపోయారు, కొన్ని సంచుల్లో డబ్బు ఇంకా మిగిలి ఉన్నది, అంతే.

కాబట్టి ధర చూసి మనిషి యోగ్యతను కొలవకండి. 2023 డిసెంబరు 19న దుబాయి వేలంలో హైదరాబాదు, బెంగుళూరు జట్లు పంతానికి పోయి కమిన్స్ ధరను 20 కోట్ల 50 లక్షలదాకా తీసుకుపోయాయి. (మా బళ్ళో బెంచీల తగాదా లాంటిదే, డబ్బు మాత్రం వేరు.) హైదరాబాదు గెలిచింది. ఆ రికార్డు పొద్దు కూడా గూకలేదు, మిచెల్ స్టార్క్‌ను కోల్‌కతా 24 కోట్ల 75 లక్షలకు కొన్నది. అదే రోజు హైదరాబాదు ట్రావిస్ హెడ్‌ను 6 కోట్ల 80 లక్షలకు కొంటే ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. 2024లో ఆ హెడ్ 567 పరుగులు చేశాడు. ఏప్రిల్ 15న బెంగుళూరు మీద 287 పరుగుల కొండ కట్టినప్పుడు 102 అతనివే.

పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "పేరు హైదరాబాదు, మన తెలుగువాళ్ళు ఎంతమంది?" అని. న్యాయమైన ప్రశ్నే. రంజీ ట్రోఫీలో హైదరాబాదుకూ ఆంధ్రకూ వేరువేరు జట్లున్నాయి, వాటిలో ఎక్కువమంది మన ఊళ్ళ పిల్లలే. ఐ.పి.ఎల్.లో ఊరిపేరు జట్టుకు ఉంటుంది, ఆటగాడు ఏ ఊరివాడైనా కావచ్చు. హైదరాబాదు ఆటో డ్రైవరు కొడుకు మహమ్మద్ సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు కొన్నది. ఒక్క ఏడు ఉంచుకొని వదిలేసింది. బెంగుళూరు అతణ్ణి తీసుకొని ఏడేళ్ళు ఆడించింది, తరువాత వదిలింది. 12 కోట్ల 25 లక్షలకు గుజరాత్ జట్టు తీసుకున్నది. 2025 ఏప్రిల్ 6న ఆ సిరాజ్ తన సొంత ఊళ్ళో, ఉప్పల్ మైదానంలో, గుజరాత్ చొక్కా తొడుక్కొని వచ్చి 17 పరుగులకు 4 వికెట్లు తీసి హైదరాబాదును పడగొట్టాడు. ఇంకో హైదరాబాదు కుర్రవాడు తిలక్ వర్మ 2022 నుంచి ముంబయికి ఆడాడు.

ఆటగాళ్ళ పుకార్ల తరువాత ఎక్కువగా వినబడేవి శిక్షకుల పుకార్లు. జట్టు ఓడితే పదకొండుమందినీ ఒక్కసారి మార్చలేరు గదా. అందుకని ఒకణ్ణి మారుస్తారు. సన్‌రైజర్స్‌కు మొదటి శిక్షకుడు ఆస్ట్రేలియావాడు టామ్ మూడీ. 2013 నుంచి 2019 దాకా ఏడేళ్ళలో ఐదుసార్లు జట్టును మొదటి నాలుగు స్థానాల్లోకి తెచ్చాడు. ఒక కప్పు కూడా తెచ్చాడు. 2019 జూలైలో అతణ్ణి మార్చి, అప్పుడే ఇంగ్లాండుకు ప్రపంచకప్పు తెచ్చిపెట్టిన ట్రెవర్ బెయిలిస్‌ను పెట్టారు. 2021లో జట్టు అడుగుకు పోయింది. 2022కు మూడీని మళ్ళీ పిలిచారు. ఎనిమిదో స్థానం వచ్చింది. 2023కు బ్రయన్ లారా వచ్చాడు. టెస్టు క్రికెట్టులో ఒక్క ఇన్నింగ్సులో 400 పరుగులు చేసిన మహానుభావుడు. జట్టు మళ్ళీ అడుగునే. ఆ ఆగస్టులో న్యూజీలాండువాడు డేనియల్ వెట్టోరిని పెట్టారు. మరుసటి ఏడు జట్టు ఆఖరి ఆటదాకా పోయింది. అక్కడ, చెన్నైలో, 113 పరుగులకే కూలిపోయింది, అది వేరే కథ.

ఇదంతా చూస్తే లారా చేతకానివాడనీ, వెట్టోరి మాంత్రికుడనీ అనాలనిపిస్తుంది. నేను అంత తొందరగా అనను. 2023లో జట్టు 14 ఆటల్లో 4 గెలిచింది. మీరొక పని చేయండి. ఒక రూపాయి నాణెం తీసుకొని 14 సార్లు ఎగరవేయండి. బొమ్మ పడితే గెలుపు, బొరుసు పడితే ఓటమి. నాణేనికి శిక్షకుడు లేడు, దానికి అలసట లేదు. అయినా లెక్క ప్రకారం సుమారు 11 మందిలో ఒకరికి 4 గాని అంతకు తక్కువ గాని బొమ్మలు పడతాయి. ఐ.పి.ఎల్.లో జట్లు పది. పదిమంది పిల్లలు పది నాణేలు పట్టుకొని కూర్చుంటే, అన్ని నాణేలూ సమానమైనా, ఎవరో ఒకరి నాణెం "అడుగు జట్టు" కావడం మామూలు. ఆ నాణెం శిక్షకుణ్ణి మార్చాలని మీరంటారా? ఆటలో నేర్పు లేదని నేను చెప్పడం లేదు. 14 ఆటలు చూసి తీర్పు చెప్పడం కష్టమని మాత్రం చెబుతున్నాను. పరీక్షల ఫలితాలు ఒక ఏడు తగ్గగానే లెక్కల మాస్టరును బదిలీ చెయ్యమని వచ్చే తండ్రులను ముప్పై ఏళ్ళు చూశాను, అందుకని ఈ విషయంలో నాకు కొంచెం పట్టుదల.

సన్‌రైజర్స్‌కు ముందు హైదరాబాదుకు దక్కన్ ఛార్జర్స్ అని ఒక జట్టు ఉండేది. 2008లో, మొదటి ఏడు, 14 ఆటల్లో 2 మాత్రమే గెలిచి అందరికంటే కింద నిలిచింది. ఆ విరామంలో శిక్షకుడు రాబిన్ సింగ్ పోయి డారెన్ లీమన్ వచ్చాడు, వి.వి.ఎస్. లక్ష్మణ్ స్థానంలో ఆడం గిల్‌క్రిస్ట్ నాయకుడయ్యాడు. 2009 మే 24న దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గులో బెంగుళూరును 6 పరుగులతో ఓడించి అదే జట్టు కప్పు గెలిచింది. అడుగునుంచి శిఖరానికి ఒక్క ఏడు!

లక్ష్మణ్ గురించి ఒక్క మాట. 2008 మొదటి వేలానికి ముందు కొన్ని జట్లకు తమ ఊరి పెద్ద ఆటగాణ్ణి "ఐకాన్"గా పెట్టుకునే వీలు ఇచ్చారు. జట్టులో అందరికంటే ఎక్కువ జీతం పొందినవాడికంటే ఐకాన్‌కు నూటికి 15 వంతులు ఎక్కువ ఇవ్వాలి. లక్ష్మణ్ ఆ గౌరవాన్ని వద్దన్నాడు. తన కింద పోయే డబ్బు మిగిలితే జట్టు ఇంకా మంచి ఆటగాళ్ళను కొనుక్కోగలదని. జట్టు ఆ ఏడు ఓడిపోయినా, ఆ పని ఓడిపోలేదని నా అభిప్రాయం.

టమోటాకూ ఆటగాడికీ ఉన్న తేడా ఇక్కడే. క్రేటులోని కాయ తన ధరను వినదు. ఆటగాడు వింటాడు. అతని అమ్మా నాన్నా వింటారు. వదిలేస్తారట అన్న మాట కూడా వాళ్ళ చెవిని పడుతుంది.

2021 మే 1న డేవిడ్ వార్నర్‌ను సన్‌రైజర్స్ నాయకత్వంనుంచి తీసేసింది. 2016 కప్పు తెచ్చినవాడు, ఆ ఏడు ఒక్కడే 848 పరుగులు చేసినవాడు. తెలుగు సినిమాపాటలకు భార్యాపిల్లలతో డాన్సు చేసి మన ఇళ్ళ పిల్లలందరికీ చుట్టమైపోయినవాడు. మరునాటి ఆటలో అసలు అతణ్ణి ఆడించనే లేదు. ఆ ఏడు చివరి ఆటల్లో కొన్నిటిని అతను జెండా పట్టుకొని ప్రేక్షకుల మధ్యనుంచి చూశాడు. మరుసటి వేలంలో ఢిల్లీ 6 కోట్ల 25 లక్షలకు తీసుకున్నది. మా ఊళ్ళో బెంగుళూరు బెంచీల పిల్లలు కూడా దానికి మాత్రం నవ్వలేదు.

అమెరికాలో ఒకప్పుడు ఇంతకంటే కఠినంగా ఉండేది. కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాడు సెయింట్ లూయిస్ జట్టుకు పన్నెండేళ్ళు ఆడాడు. 1969 అక్టోబరులో, ఆట లేని నెలల్లో, అతణ్ణి అడగకుండానే ఫిలడెల్ఫియా జట్టుకు ఇచ్చేశారు. అప్పటి నియమం ప్రకారం ఆటగాడు వెళ్ళాలి, లేదా ఆట మానుకోవాలి. ఆ డిసెంబరు 24న ఫ్లడ్ ఆట పెద్దలకు ఉత్తరం రాశాడు: నేను కొనడానికీ అమ్మడానికీ వస్తువును కాను అని దాని సారాంశం. కోర్టుకు వెళ్ళాడు. 1972లో అక్కడి సుప్రీంకోర్టు ముగ్గురి మీద ఐదుగురి తీర్పుతో అతణ్ణి ఓడించింది. అప్పటికే అతని ఆట ముగిసిపోయింది. కాని అతను లేవదీసిన మాట ముగియలేదు. 1975 డిసెంబరులో ఒక మధ్యవర్తి తీర్పు మరో ఇద్దరు ఆటగాళ్ళ వ్యాజ్యంలో ఆ పాత నియమాన్ని విరగ్గొట్టింది. మన ఐ.పి.ఎల్.లో జట్టునుంచి జట్టుకు నేరుగా మార్చుకునేటప్పుడు ఆటగాడి సమ్మతి తీసుకోవాలన్న నియమం ఉన్నది. వేలంలో మాత్రం తన పేరు తానే రాసి ఇచ్చినా, ఏ జట్టు కొంటుందో ఎంచుకునే వీలు అతనికి లేదు.

ఇక మన నితీశ్ సంగతి. 2023 ఆటలకు సన్‌రైజర్స్ అతణ్ణి 20 లక్షలకు తీసుకున్నది. 2024లో 303 పరుగులు చేసి, ఆ ఏటి మేటి యువ ఆటగాడిగా బహుమతి పొందాడు. ఆ డిసెంబరులో మెల్‌బోర్న్ మైదానంలో భారతదేశం తరపున 114 పరుగులు చేస్తే, చూడవచ్చిన తండ్రి కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ప్రపంచమంతా చూసింది. 2025 జూలైలో ఒక మాట బయలుదేరింది: నితీశ్ హైదరాబాదును వదిలి వేరే జట్టుకు పోతాడట అని. అది వట్టిమాటనీ, ఈ జట్టుతో తనది నమ్మకంమీద నిలిచిన బంధమనీ, తాను ఎల్లప్పుడూ దానితోనే ఉంటాననీ అతనే అందరికీ తెలిసేట్టు రాయవలసి వచ్చింది. ఇరవై రెండేళ్ళ కుర్రవాడు, తాను చెయ్యని పనికి సంజాయిషీ చెప్పుకున్నాడు. నవంబరు 15న వచ్చిన జాబితాలో అతని పేరు హైదరాబాదు కిందే ఉన్నది.

ఆ జాబితా రోజునే ఇంకో రెండు మాటల సంగతి తేలింది. 23 కోట్ల క్లాసెన్‌ను వదిలేస్తారట అన్నది ఒకటి. లెక్కకు నిలిచే మాటే, ఎందుకంటే అంత డబ్బు చేతికి వస్తే జట్టు చాలా కొనుక్కోవచ్చు. అయినా వదలలేదు. మే నెలలో కోల్‌కతా మీద 37 బంతుల్లో నూరు చేసినవాణ్ణి వదిలితే అలాంటివాడు వేలంలో దొరకాలిగదా. మహమ్మద్ షమి లక్నోకు పోతాడట అన్నది రెండోది. అది నిజమైంది, అదే 10 కోట్లకు పోయాడు. ఒకే జట్టు, ఒకే వారం. ఒక మాట నిలిచింది, ఒక మాట నీళ్ళపాలయింది. లెక్క కుదిరినంత మాత్రాన పుకారు నిజం కాదు. కుదరకపోతే మాత్రం అబద్ధమని గట్టిగా అనుకోవచ్చు.

మా వీధి పిల్లలచేత ఒక నోటుబుక్కు పెట్టించాను. పేజీకి నాలుగు గళ్ళు: మాట, ఎవరు చెప్పారు, ఏ తేదీన, చివరకు ఏమైంది. మొదట్లో రెండో గడిలో అందరూ "ఫోను" అని రాసేవాళ్ళు. ఒప్పుకోలేదు. ఏ పత్రిక, ఏ మనిషి, జట్టువాళ్ళే ప్రకటించారా, ఆటగాడే చెప్పాడా, అది రాయాలి. అట్లా రాయడం మొదలుపెట్టాక మొదటి గడిలో మాటలు తగ్గిపోయాయి. చెప్పినవాడి పేరు దొరకని మాటలు చాలా ఉంటాయని పిల్లలకే తెలిసింది.

మొన్న శనివారం ఏడో తరగతివాడొకడు ఆ పుస్తకం పట్టుకొని వచ్చాడు. సోమవారంనాడు వాడే బస్సులో తమాషాకు, ధోనీ హైదరాబాదుకు కోచ్‌గా వస్తాడంట అని పక్కవాడితో అన్నాడట. శుక్రవారం రాత్రి పుంగనూరునుంచి వాడి మామ వచ్చాడు. భోజనాల దగ్గర, "ఏమిరా, తెలీదా? ధోనీ మీ కోచ్ అయినాడు గదా!" అన్నాడు. వాడికి ముద్ద దిగలేదు. నోటుబుక్కులో "ఎవరు చెప్పారు" అన్న గడిలో ముందు "నేను" అని రాసి, దాని పక్కన "మామ" అని రాశాడు. మామ మాటలో "అంట" లేదు సార్, అన్నాడు. ఇప్పుడు నాలుగో గడిలో ఏం రాయాలో చెప్పమని నన్ను అడిగాడు.